తీగ మీద నూనె

కారు పట్టాల మీద ఆగిపోయిందన్న సంగతి వీధి మొత్తానికి తెలియడానికి అరగంట పట్టలేదు. ఎందుకు ఆగిపోయిందని అడగడానికి మాత్రం ఆరు రోజులైనా ఒక్కరికీ నోరు రాలేదు. అడగాల్సిన పనేముంది? జవాబు అందరి దగ్గరా తయారుగా ఉంది. మందుల షాపాయన పొద్దున్నే పెళ్ళాంతో గొడవపడ్డాడు, గేటు లేని చోట కారును నెమ్మదిగా పట్టాల మీదికి పోనిచ్చాడు, ఆపాడు, తల వంచుకుని కూర్చున్నాడు, గూడ్సు బండి వచ్చింది. లోకులు కాకులని ఊరికే అన్నారు గానీ కాకులే నయం. అవి కనబడిన ముద్దనే పొడుస్తాయి, లేని ముద్దను వండుకోవు.

పోయిన మందుల షాపాయన, నాడి మేస్త్రి అని అందరూ పిలిచే మెకానిక్కుకు బావ, సొంత అక్క మొగుడు. మేస్త్రికి ఆ పేరు పెట్టింది కూడా బావే. ఇరవై ఏళ్ళుగా కార్లు బాగుచేస్తున్న ఇతను, ఇంజన్ తిరుగుతుండగా బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి ఫలానా చోట జబ్బు అంటాడు. పదింట తొమ్మిదిసార్లు అక్కడే ఉంటుంది. నువ్వు డాక్టరువి, నేను కాంపౌండర్ని, నువ్వు రాసిచ్చిందే మందు అని బావ నవ్వేవాడు. అది వినీ వినీ మేస్త్రికి తన చేతి మీద కాస్త ఎక్కువే నమ్మకం కుదిరింది. పొగడ్త ఎవరికి చేదు?

ఆ పొద్దున జరిగిన గొడవ కూడా ఏమంత గొప్పది కాదు. పెరట్లో కుళాయి రెండు నెలలుగా కారుతోంది. రేపు చూస్తా, ఎల్లుండి చూస్తా అంటూ బావ వాయిదా వేస్తున్నాడు. ఆ రోజు బకెట్ పొంగి వంటింట్లోకి నీళ్ళొచ్చాయి. చీపురు పట్టుకుని నీళ్ళు తోస్తూ అక్క అనేసింది, "నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని. ఏ ఇంట్లో ఏ పెళ్ళాం అనని మాట అది? బావ చెప్పులేసుకుని, తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. హాల్లో మంచం మీద కూర్చున్న అత్తగారు ఆ మాట విన్నది. మధ్యాహ్నం కబురు వచ్చాక ఆవిడ ఏడవలేదు. కోడలి వైపు చూసి, "నువ్వన్నదే చేశాడు నా కొడుకు" అంది. రెండోసారి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

అప్పట్నుంచి అక్క ముద్ద ముట్టలేదు. మేస్త్రి వచ్చి బతిమాలితే నాలుగు గుక్కల నీళ్ళు తాగేది, మళ్ళీ వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేది. ఏడుపు కూడా రావట్లేదు ఆమెకి. ఆ కుళాయి మాత్రం కారుతూనే ఉంది. ఎవరైనా కట్టేయబోతే వద్దని చేత్తోనే ఆపేది. మనిషి రోజురోజుకీ కళ్ళముందే కరిగిపోతోంది. ఆరో రోజు పొద్దున తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచింది.

"బళ్ళ నాడి చూస్తావు కదరా. ఆ కారు ఒకసారి చూడు. అది ఆగిందా, ఆయన ఆపాడా? నాకు అదొక్కటి తెలియాలి. ఆయనే ఆపి ఉంటే ఈ ముద్ద నాకు దిగదు. దిగనక్కర్లేదు కూడా."

చూస్తానక్కా అన్నాడు మేస్త్రి. అంటూనే, పోయిన నెల్లోనే నేను చూసిన బండి అది, అందులో ఏముంటుంది అని కూడా అన్నాడు. ఆమె అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. దారంతా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పెట్రోల్లో నీళ్ళు కలిసి ఉంటాయి. పంపు పోయి ఉంటుంది. బ్యాటరీ తీగ ఊడి ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మెకానిక్కులను చూసే పుట్టి ఉంటుంది. ఆ రోజు అతను తలుచుకోని మద్దెల లేదు.

కారును పోలీసు స్టేషన్ వెనక యార్డులో పడేశారు. తుప్పు పట్టిన స్కూటర్ల మధ్య, వెనక సగం నలిగిపోయి, ఒక పక్క తలుపులు రెండూ లోపలికి కుంగిపోయి ఉంది. ముందు భాగం మాత్రం చెక్కు చెదరలేదు. బానెట్ మీద గీత కూడా లేదు. చూడ్డానికేమీ మిగల్లేదని అక్కతో చెప్పే వీలు కూడా లేదు. కాపలా కానిస్టేబుల్ కుర్చీలోంచి లేవకుండానే, కేసు రాసేశారు, కావాలని ఆపుకున్నట్టే రాశారు, నీక్కావల్సింది విప్పుకో, ఎలాగూ తుక్కుకే పోతుంది అన్నాడు. ఒక మనిషి చావును ఎంత తేలిగ్గా కట్ట కట్టి అటక మీద పెట్టారో చూడండి.

మేస్త్రి బానెట్ ఎత్తాడు. తిరగని ఇంజన్‌కి నాడి ఏముంటుంది? అలవాటుకొద్దీ చెయ్యి ఆనించి, సిగ్గుపడి తీసేశాడు. తనతో తెచ్చిన బ్యాటరీ తగిలించి, స్కానర్ పెట్టాడు. కారు కంప్యూటర్ చివరి క్షణంలో రాసుకున్నది తెర మీదికి వచ్చింది. గాలికి తగ్గ పెట్రోలు అందలేదు అన్నది దాని సారాంశం. వేగం గంటకు ఆరు కిలోమీటర్లు. స్కానర్ జబ్బు పేరు చెప్పదు, నొప్పి ఎక్కడో చెబుతుంది. అక్కణ్ణించి వెతుక్కోవాల్సింది మనిషే.

వెతికాడు. ట్యాంకులోంచి గాజు సీసాలోకి పెట్రోలు తీసి ఎండకెత్తి చూశాడు. నీళ్ళు లేవు. పంపు తిప్పి చూశాడు. ఒత్తిడి ఉండాల్సినంత ఉంది. గాలి గొట్టానికి ఎక్కడైనా చీలిక ఉందేమోనని వేళ్ళతో అంగుళం అంగుళం తడిమాడు. చీలిక ఉండాలని కోరుకుంటూ తడిమాడు. గొట్టం కొత్తదానిలా ఉంది. ఒక్కో తప్పించుకునే దారీ మూసుకుపోయి, చివరికి ఒకే ఒక్క చోటు మిగిలింది.

గాలిలో దుమ్మును ఆపే ఫిల్టర్ డబ్బాకీ ఇంజన్‌కీ మధ్య లావుపాటి నల్ల గొట్టం ఉంటుంది. దాని మెడ దగ్గర రెండు స్క్రూలతో బిగించిన వేలెడంత ప్లాస్టిక్ ముక్క, ఎయిర్ ఫ్లో సెన్సర్. దాని లోపల వెంట్రుకంత తీగ. కరెంటు ఆ తీగను వేడిచేస్తుంది, లోపలికి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఎంత చల్లారిందో చూసి, ఎంత గాలి వచ్చిందో కంప్యూటర్ లెక్క కడుతుంది, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. ఆ తీగ మీద జిడ్డు పేరుకుంటే, దుప్పటి కప్పుకున్నవాడికి చలి తెలియనట్టు, దానికి గాలి తెలియదు. వచ్చిన గాలిని తక్కువ చేసి చెబుతుంది. పెట్రోలు తక్కువ పడుతుంది. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజన్ దగ్గి, ఆగిపోతుంది.

స్క్రూలు రెండూ విప్పి సెన్సర్ బయటికి తీశాడు. తీగ కనబడలేదు. దాని చుట్టూ దుమ్ము కలిసిన జిడ్డు ముద్దగట్టి ఉంది. గోటితో కొంచెం తీసి తెల్ల గుడ్డకు రాశాడు. గుడ్డ ఎర్రబడింది.

ఇంజన్ నూనె ఎర్రగా ఉండదు. ఎర్రగా ఉండేది ఒక్కటే, కడిగి వాడుకునే బట్ట ఫిల్టర్లకు పట్టించే నూనె. ఆ నూనె డబ్బా మేస్త్రి షెడ్డులో, కుడి చేతి వైపు అరలో ఉంటుంది.

ఐదు వారాల కిందట బావ కారుకు ఆ ఫిల్టర్ వేసింది తనే. డబ్బా మీద బొమ్మలు వేసి మరీ చెబుతారు, నూనె పలచగా పట్టించండి, ఇంకేదాకా ఆగండి, మిగిలింది తుడిచేయండి అని. మేస్త్రి అలా చెయ్యడు. అతనికి పని నేర్పిన పెద్ద మేస్త్రి నూనె తొట్టిలో ఫిల్టర్లు నానబెట్టిన కాలం మనిషి. నూనె కారని ఫిల్టర్, తలుపు లేని ఇల్లు ఒకటే అనేవాడు. ఆ కాలం బళ్ళలో ఈ తీగ లేదు. తీగ వచ్చింది, కాలం మారింది, చెయ్యి మాత్రం మారలేదు. బొట్లు బొట్లుగా కారేదాకా పట్టించి, అలాగే బిగించి, బావా ఇక నీ ఇంజన్‌కి దుమ్ము అంటదు అని వీపు తట్టి పంపించాడు. అది ప్రేమతోనే చేశాడు. పరాయివాళ్ళ బండికైతే అంత నూనె పోసేవాడు కాదు.

ఇంకో సంగతి. ఫిల్టర్ వేసిన రెండు వారాలకే బావ మళ్ళీ వచ్చాడు, మలుపుల్లో బండి ఆగిపోతోందని. మేస్త్రి నాడి చూశాడు. సెన్సర్‌కు తగిలించిన వైరు కనెక్టర్ పీకేసి బండి స్టార్ట్ చేశాడు. కంప్యూటర్ తన గుడ్డి అంచనా మీద తను పెట్రోలు పోసుకుంది, బండి హాయిగా తిరిగింది. అంటే సెన్సరే తప్పు చెబుతోందన్నమాట. అబద్ధాలకోరు కంటే మూగవాడు నయం అంటావు అని బావ నవ్వాడు. మేస్త్రి తీగను స్ప్రేతో కడిగి, ఆరబెట్టి, బిగించి పంపాడు. పది నిమిషాల పని. జిడ్డు కడిగాడు గానీ, ఆ జిడ్డు ఎక్కణ్ణించి వచ్చిందని అడగలేదు. అడిగి ఉంటే జానెడు దూరంలోనే జవాబు ఉంది, నూనె కారుతూ.

యార్డులో స్కూటర్ల మధ్య కూలబడిపోయాడు మేస్త్రి. కాసేపటికి ఒక ఆలోచన వచ్చి లేచి నిలబెట్టింది. ఆగింది సరే. దిగలేదేం? రైలు కూత వినబడి ఉంటుంది కదా. కారు చేసిన తప్పుకూ, మనిషి కదలకుండా కూర్చోవడానికీ సంబంధం లేదు. అంటే వీధి చెప్పేదే నిజమా? ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెప్పాలంటే, అదే నిజమైతే బాగుండునని కూడా అతని మనసు ఆశపడింది. అక్క మొహం గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. సెన్సర్‌ను గుడ్డలో చుట్టుకుని పట్టాల దగ్గరికి వెళ్ళాడు.

పట్టాలకు యాభై అడుగుల దూరంలో సైకిళ్ళ షాపు ఉంది. కళ్ళారా చూసింది ఆ షాపాయన ఒక్కడే. వీధి మొత్తం చెప్పుకుంటున్న కథకు మూలం ఆయన చెప్పిన నాలుగు ముక్కలు. మేస్త్రి తనెవరో చెప్పాడు. ఆయన పంక్చర్ వేస్తున్న ట్యూబును నీళ్ళలోంచి తీసి పక్కన పెట్టాడు. గోదాముల వెనక పట్టాలు వంపు తిరుగుతాయనీ, రైలు దగ్గరికొచ్చేదాకా కనబడదనీ చూపించాడు. కారు ఆగిన చాలాసేపటికి, అంటే అర నిమిషం దాటాక రైలు వచ్చిందన్నాడు. తను కేకలేశాననీ, కారు అద్దాలు ఎత్తి ఉన్నాయనీ, ఆయన తల ఎత్తలేదనీ అన్నాడు.

మేస్త్రి అడిగాడు, "చప్పుడేమైనా విన్నారా?"

"విన్నాను. కిర్రు కిర్రుమని బండి స్టార్ట్ చేస్తున్న చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ. మళ్ళీ కాసేపు ఆగి ఇంకోసారి. ఆ మూడోసారికి రైలు మీదికొచ్చేసింది."

ఈ మాట ఎవరికైనా చెప్పారా అంటే, నన్నెవరూ అడగలేదు బాబూ, తల వంచుకున్నాడా అని అడిగారు, వంచుకున్నాడని చెప్పాను అన్నాడాయన. చావాలనుకున్నవాడు తాళం ఎందుకు తిప్పుతాడని చప్పుడు విన్న ఆయనకూ తట్టలేదు, తల వంచుకుని ఏం చేస్తున్నాడని అడిగినవాళ్ళకూ తట్టలేదు. ఆ కారులో తాళం పెట్టే చోటు స్టీరింగ్ కింద ఉంటుంది. తిప్పాలంటే ఎవడైనా తల వంచాల్సిందే.

అయితే మేస్త్రి చెవిలో మిగిలిపోయింది తల సంగతి కాదు. కాసేపు ఆగి, మళ్ళీ కాసేపు ఆగి. ఆ ఆగడం ఎక్కడిదో అతనికి తెలుసు.

పోవడానికి మూడు రోజుల ముందు బావ ఫోన్ చేశాడు, బండి మళ్ళీ ఆగుతోందని. అప్పుడు మేస్త్రి వేరే కారు కింద పడుకుని ఉన్నాడు, మొహం మీద నూనె చుక్కలు పడుతున్నాయి. విసుగ్గా, ఆదివారం తీసుకురా అన్నాడు. ఈలోగా ఆగిందనుకో, కంగారుపడి దిగకు, బానెట్ ఎత్తకు, కదలకుండా కూర్చుని పది లెక్కపెట్టి తాళం తిప్పు, రాకపోతే మళ్ళీ పది లెక్కపెట్టు, స్టార్టయి తీరుతుంది అన్నాడు. ఇది ఒక్క బావకే చెప్పిన మాట కాదు. ఒకప్పుడు ఒకాయన రోడ్డు మీద బానెట్ ఎత్తి ఊడదీయకూడని వైరేదో ఊడదీశాడు. అప్పట్నుంచి ఫోన్ చేసిన ప్రతివాడికీ మేస్త్రి ఇదే పాఠం అప్పజెబుతాడు. చెప్పీ చెప్పీ, చెప్పానన్న గుర్తు కూడా ఉండదు. బావ మాత్రం బుద్ధిగా విని, "రోజుకెన్నిసార్లు డాక్టరుగారూ? భోజనానికి ముందా, తర్వాతా?" అని అడిగాడు. మేస్త్రి నవ్వకుండా ఫోన్ పెట్టేశాడు.

బావ జీవితమంతా చీటీలో రాసింది రాసినట్టు ఇచ్చిన మనిషి. రెండు పూటలంటే రెండు పూటలే, ఐదు రోజులంటే ఐదు రోజులే. పది లెక్కపెట్టమంటే తొమ్మిది దగ్గర తిప్పే రకం కాదు.

మేస్త్రి ఆ సాయంత్రమే షెడ్డులో చివరి పరీక్ష చేశాడు. తెలిసిపోయాక పరీక్ష ఎందుకంటే, ఇరవై ఏళ్ళ అలవాటు, చేతికి రుజువు కావాలి. బాగుకి వచ్చిన కార్లలో అదే రకం కారొకటి ఉంటే, దాని సెన్సర్ తీసి బావ కారు సెన్సర్ పెట్టాడు. స్టార్ట్ చేసి స్కానర్ తగిలించాడు. సెకనుకు రెండు గ్రాముల గాలి చూపించాల్సిన చోట ఒకటికి కాస్త పైన చూపించింది. గేరేసి నెమ్మదిగా షెడ్డు గుమ్మం దాకా పోనిచ్చాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కదలకుండా కూర్చున్నాడు. పది లెక్కపెట్టాడు. తాళం తిప్పాడు. కిర్రు కిర్రుమంది, రాలేదు. మళ్ళీ పది. రాలేదు. మళ్ళీ పది లెక్కపెట్టి తిప్పితే బుద్ధిమంతురాలిలా స్టార్టయింది. తన మాట పొల్లు పోలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, షెడ్డు బయట పోయేవాళ్ళు ఆగి చూసేలా ఏడ్చాడు.

తర్వాత లేచి సెన్సర్‌ను బయటికి తీసి, స్ప్రేతో కడిగి, ఆరేదాకా ఆగి, మళ్ళీ బిగించాడు. గాలి రెండు చూపించింది. ఇంజన్ నున్నగా తిరిగింది. బాగైపోయింది. ఎంత చక్కగా బాగైందో చెప్పుకోవడానికి ఎదురుగా బావ లేడు. అరలోని ఎర్ర నూనె డబ్బాను మురుక్కాలువలో బోర్లించి, ఆ ఫిల్టర్లు వేసిన నలుగురికీ ఫోన్ చేసి, రేపు పొద్దున్నే బళ్ళు తీసుకురండి, అప్పటిదాకా నడపొద్దు, ఎక్కడైనా ఆగితే ముందు దిగండి అని చెప్పాడు. ఏమైంది మేస్త్రీ, గొంతు అలా ఉందేమిటని ఒకాయన అడిగాడు. చేతులు కాలాక పట్టుకునే ఆకుల గురించి ఏమని చెబుతాడు?

మర్నాడు ఆ నాలుగు బళ్ళూ సరిచేసి, బావ కారు సెన్సర్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. దారిలో ఒక నిర్ణయానికి వచ్చాడు. సగం చెబితే చాలు. కారు ఆగింది, బావ ఆపలేదు, సైకిళ్ళ షాపాయన స్టార్టరు చప్పుడు విన్నాడు. అక్కకు కావల్సింది అదే. ఆ నూనె ఎవరు పోశారో, ఆ మాట ఎవరు చెప్పారో ఎవరు అడుగుతారు? ఉన్నదంతా చెప్పి ఉన్న ఒక్క అక్కనూ పోగొట్టుకోవడం దేనికి?

హాల్లో అత్తగారి మంచం ఎదురుగా నేల మీద కూర్చుని, గుడ్డ విప్పి సెన్సర్ చూపించాడు. అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దీనికి జిడ్డు పట్టింది, దీనివల్ల బండి దానంతటదే ఆగింది, బావ మూడుసార్లు స్టార్ట్ చెయ్యబోయాడు, అందుకే తల వంచుకున్నట్టు కనబడింది అని చెప్పుకొచ్చాడు. చెబుతుంటే అక్క మొహంలో ఏదో సడలడం కనబడింది. గుమ్మం పట్టుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

అత్తగారు ఆ ప్లాస్టిక్ ముక్క వైపు చూడనైనా చూడలేదు. "బండి ఆగితే మనిషి దిగుతాడు కదా అబ్బాయీ," అంది. "నా కొడుక్కి కాళ్ళున్నాయి. రైలొస్తుంటే దిగడానికి ఏమొచ్చింది?"

అక్క వేళ్ళు మళ్ళీ గుమ్మాన్ని బిగించి పట్టుకున్నాయి. ఏ మాట ఆమెను ఏడు రోజులుగా తింటోందో అదే మాట, ఆవిడ నోట వచ్చింది. ఆమె తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో అడగడం తప్ప ఇంకేమీ లేదు.

తలుపు ఇరుక్కుపోయింది అనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తలుపులు రెండూ నుజ్జయిపోయాయి, చూసేవాడు లేడు, కాదనేవాడు లేడు. ఒక్క మాటతో అక్క బతుకుతుంది, తనూ బతుకుతాడు. మింగలేక కక్కలేక మేస్త్రి చేతిలోని సెన్సర్ వైపు చూశాడు. అది చేసిన పాపమేమిటి? వచ్చినదాన్ని తక్కువ చేసి చెప్పడం. ఇంతసేపూ తను చేస్తున్నదీ అదే.

"నేనే దిగొద్దన్నానక్కా," అన్నాడు.

తర్వాత ఆగకుండా అంతా చెప్పేశాడు. ఫిల్టర్, కారేదాకా పోసిన నూనె, ఎక్కడిదని అడగకుండా కడిగేసిన జిడ్డు, కారు కింద పడుకుని విసుగ్గా చెప్పిన పాఠం, పది లెక్కపెట్టమనడం, భోజనానికి ముందా తర్వాతా అని బావ అడగడం. ఒక్కటీ తగ్గించలేదు.

ముందు మాట్లాడింది అత్తగారు. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. అక్కను గట్టెక్కించడానికి తమ్ముడు తంటాలు పడుతున్నాడు, పడనీ, పోయినవాడు వచ్చి కాదనడు కదా అంది. నువ్వు కూడా నాకు కొడుకులాంటివాడివే, ఈ పాపం నెత్తిన వేసుకోకు, నేను నమ్మను అని గోడవైపు తిరిగి పడుకుంది. ఎన్ని రుజువులు తెచ్చినా ఆవిడకు అక్కర్లేదు. ఆవిడకు కోడలి మాట ఒక్కటి చాలు, మిగిలిన రోజులు గడపడానికి.

అక్క మాత్రం నమ్మింది. ఆమె నెమ్మదిగా వచ్చి తమ్ముడి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీకు ఫోన్ చేసిన రోజు ఇంటికొచ్చి, నీ తమ్ముడు నాకు మందు రాశాడే అని నవ్వాడు. పదేసి అంకెలు, పరగడుపున అన్నాడు. ఏం మందో నాకు అర్థం కాలేదు. పనిలో ఉండి నేను అడగలేదు. అయితే ఆయన విన్నది నా మాట కాదు. నీ మాట."

అవునన్నట్టు తల ఊపాడు మేస్త్రి. ఆమెకు ఏడుపు వచ్చింది. ఇన్ని రోజులుగా రానిదంతా ఒక్కసారిగా వచ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చింది. మేస్త్రి చెయ్యి చాపాడు. చిన్నప్పట్నుంచీ ఆమె ఏడిస్తే ఆ చెయ్యి ఆమె భుజం మీదికి వెళ్ళేది. ఆమె పక్కకు జరిగింది. విసురుగా కాదు, వేడి గిన్నెకు చెయ్యి తగలకుండా జరిగినట్టు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. స్టేషన్‌లో కూడా ఇదంతా చెప్పు, ఆయన కావాలని చేసుకోలేదని రాయించు అంది. రేపే చెబుతానన్నాడు. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కుంది. వంటింట్లోకి వచ్చి గిన్నెల మీది మూతలు ఒక్కొక్కటే తీసి చూసింది. పక్కింటివాళ్ళు ఎవరో పొద్దున తెచ్చి పెట్టింది ఉంది. కంచం తీసింది. వడ్డించుకుంది. పీట వాల్చుకుని కూర్చుంది.

మేస్త్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏడు రోజులుగా అతను కోరుకున్నది ఇదొక్కటే. ఆమె కలిపిన ముద్దను చేతిలో పట్టుకుని, నోటిదాకా ఎత్తి, ఆగింది.

"ఆకలేస్తోందిరా," అంది, కంచంలోకి చూస్తూనే. "నువ్వు వెళ్ళు. నీ ముందు నేను తినలేను."

అతను హాలు దాటి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాడు. లోపల కంచం కదిలిన చప్పుడు వినబడింది.